కొన్న ఆట చూపండి, చూపని ఆట వదలండి

అంతర్జాతీయ క్రీడా సమాఖ్యల ప్రసార హక్కుల విభాగాలకు, ఆ హక్కులు కొనే టీవీ, స్ట్రీమింగ్ సంస్థలకు,

నమస్కారం.

పుట్టిన దేశం వదిలి మరో దేశంలో ఉంటూ అంతర్జాతీయ ఆటలు టీవీలో చూసేవాళ్ల తరఫున ఈ లేఖ. రాస్తున్నవాళ్లలో ప్రసార సాంకేతిక పని తెలిసినవాళ్లున్నారు, హక్కుల ఒప్పందాల భాష చదివి అర్థం చేసుకోగలిగినవాళ్లున్నారు. ఉచితంగా చూపమని అడగడం లేదు. దేశాలవారీగా అమ్మడం మానమనీ అనడం లేదు. ఆ అమ్మకం మీదే చాలా క్రీడల బతుకు నడుస్తోందని మాకు తెలుసు. మా ఫిర్యాదల్లా ఒకటే: డబ్బు చేత్తో పట్టుకుని వచ్చిన మనిషికి దాన్ని ఎక్కడ కట్టాలో తెలియడం లేదు. దీనికి మందు కొత్త టెక్నాలజీలో లేదు, మీ తర్వాతి టెండరు పత్రంలో చేర్చే నాలుగు వాక్యాల్లో ఉంది.

ఒక టోర్నీ హక్కులను మీరు నాలుగు రకాలుగా కోసి అమ్ముతారు. ఏ దేశం, ఏ మాధ్యమం, ఏ భాష, ఎంతకాలం. కాగితం మీద ఇది చక్కగా ఉంటుంది. వేరే దేశంలో ఉన్న ప్రేక్షకుడికి మాత్రం మూడే పరిస్థితులు. అక్కడ హక్కు కొన్న సంస్థ ఉంది, మ్యాచ్ చూపిస్తోంది. లేదా కొన్నవాళ్లే లేరు. లేదా కొన్నవాళ్లున్నారు కానీ చూపించడం లేదు. మొదటిదానితో పేచీ లేదు. రెండోదానికి కొన్ని సమాఖ్యలు ఇప్పటికే దారి చూపాయి. లైసెన్సీ, అంటే హక్కు కొన్న సంస్థ, లేని దేశాల్లో అంతర్జాతీయ క్రికెట్ మండలి తన సొంత స్ట్రీమింగ్ సేవ ఐసీసీ.టీవీలో మ్యాచ్‌లు ఇస్తోంది. మూడోదానికే దిక్కు లేదు. కొన్న సంస్థ చూపించదు, సమాఖ్య స్ట్రీమేమో ఆ దేశంలో హక్కు అమ్ముడైపోయిందని తలుపు మూసేస్తుంది. అమ్మా పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

అన్నిసార్లూ ఇది కొన్నవాడి దురుద్దేశమని మేం అనం. లెక్కే అలా ఉంటుంది. ఒలింపిక్ కమిటీ 2001లో పెట్టిన ఒలింపిక్ బ్రాడ్‌కాస్టింగ్ సర్వీసెస్ 2024 పారిస్ క్రీడలకు తయారుచేసిన ప్రసారం 11,000 గంటలకు పైనే. ఆ క్రీడలు జులై 26 నుంచి ఆగస్టు 11 వరకు, 17 రోజులు జరిగాయి. ఒక చానల్ రాత్రీ పగలూ ఆపకుండా నడిచినా పట్టేది 408 గంటలు. సహజంగానే ఏ దేశపు చానలైనా తన క్రీడాకారులున్న పోటీలే ఎంచుకుంటుంది. పక్క దేశం నుంచి వచ్చి అక్కడ ఉంటున్నవాడికి తన దేశపు ఆర్చర్ క్వార్టర్ ఫైనల్ ఆడుతున్న సంగతి స్కోరు పేజీలోనే తెలుస్తుంది. ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో గ్రూప్ దశ చివరి రెండు మ్యాచ్‌లూ ఒకే సమయానికి మొదలవుతాయి. 1982లో స్పెయిన్‌లోని హిహోన్ నగరంలో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా జట్లు రెండింటికీ పనికొచ్చే స్కోరు దగ్గర ఆటను చల్లార్చేసిన తర్వాత, 1986 నుంచి ఈ పద్ధతి వచ్చింది. న్యాయమైన పద్ధతే. కానీ ఒకే చానల్ ఉన్న లైసెన్సీ ఒక మ్యాచ్‌ను పక్కన పెట్టక తప్పదు.

అందుకే మొదటి నిబంధన, దాదాపు ఈ మాటల్లోనే రాయమని కోరుతున్నాం: “తాను ప్రత్యక్షంగా చూపబోయే మ్యాచ్‌ల జాబితాను లైసెన్సీ టోర్నీకి 14 రోజుల ముందు ఇవ్వాలి. నాకౌట్ మ్యాచ్‌ల విషయంలో, ఎవరితో ఎవరో తేలిన 24 గంటల్లోగా ఇవ్వాలి. జాబితాలో లేని మ్యాచ్‌ను ఆ దేశంలో సమాఖ్య తన స్ట్రీమ్‌లో అమ్ముకోవచ్చు. వచ్చినదాంట్లో లైసెన్సీకి వాటా ఉంటుంది.” వాటా లేకుండా దీనికి ఏ సంస్థా ఒప్పుకోదు, అందుకే ఆ చివరి వాక్యం. ప్రత్యేక హక్కు విలువ పడిపోతుందన్న వాదన వస్తుందని తెలుసు. చూపని మ్యాచ్‌లో ఆ సంస్థకు ఉన్న విలువ ఇంకెవరూ చూపకుండా ఆపడమే. దానికి వాటా రూపంలో ధర దొరుకుతున్నప్పుడు నష్టం ఎక్కడుందో మాకు కనిపించడం లేదు.

ఖర్చు సంగతీ చెప్పుకుందాం. పెద్ద టోర్నీల్లో అన్ని దేశాల సంస్థలకూ ఇచ్చే ఉమ్మడి ప్రసారం, అంటే వరల్డ్ ఫీడ్, ఎలాగూ తయారవుతుంది. చిత్రం, గ్రాఫిక్స్, మైదానం శబ్దం, తరచుగా ఇంగ్లిష్ కామెంటరీ అందులో ఉంటాయి. మీరు చేయాల్సింది దేశాల జాబితాను టోర్నీ మొత్తానికి ఒకటిగా కాకుండా మ్యాచ్‌కొకటిగా పెట్టడం. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. మ్యాచ్ మొదలయ్యే నిమిషానికి తలుపు తెరిచేలా నియమం రాస్తారు. వీడియోను ప్రేక్షకుడికి దగ్గర నుంచి అందించే కంటెంట్ డెలివరీ సర్వర్లలోనూ, ప్రేక్షకుడి యాప్‌లోనూ పాత “మీ ప్రాంతంలో లభ్యం కాదు” అన్న జవాబు ఇంకా నిల్వ ఉండిపోతుంది, మొదటి పది నిమిషాలు పోతాయి. నియమం మ్యాచ్‌కు గంట ముందే అమల్లోకి రావాలి. ఆ నిరాకరణ జవాబును 60 సెకన్లకు మించి నిల్వ ఉంచకూడదు.

ఇక రెండో నిబంధన, చందాదారు ప్రయాణం గురించి. ఐరోపా సమాఖ్యలో 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న పోర్టబిలిటీ చట్టం (చందాను వెంట తీసుకెళ్లే వీలు ఇచ్చేది, నంబరు 2017/1128) ఒక తెలివైన పని చేసింది. చందాదారు తాత్కాలికంగా మరో సభ్య దేశంలో ఉండి చూసినా, చట్టం దృష్టిలో అతను తన నివాస దేశంలోనే చూసినట్టు. దాంతో హక్కుల ఒప్పందాలన్నీ తిరగరాయాల్సిన అవసరం రాలేదు. నివాసం ఎక్కడో తేల్చుకోవడానికి సంస్థ రెండుకు మించి ఆధారాలు అడగకూడదు, అదనపు రుసుము వసూలు చేయకూడదు. లోపం కూడా చెప్పాలి. అది తాత్కాలికంగా వెళ్లినవాళ్లకే, అదీ సభ్య దేశాల మధ్యే. కాపురం మార్చినవాళ్లకు పనికిరాదు. అయితే అదే ఊహను ఒప్పందంలో వాక్యంగా రాసుకోవడానికి మీకు ఏ పార్లమెంటు అనుమతీ అక్కర్లేదు. “లైసెన్సీ చందాదారు ఏడాదిలో 90 రోజుల వరకు ఏ దేశంలో ఉండి చూసినా నివాస దేశంలో చూసినట్టే” అన్న ఒక్క వాక్యం చదువుకు, పనికి, ఆస్పత్రికి వెళ్లినవాళ్లలో చాలామందికి చాలు.

ప్రసారానికి దేశాల మధ్య కట్టిన ఈ గోడను కోర్టులు కూడా పరీక్షించాయి. ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్‌లో పబ్ నడిపిన కారెన్ మర్ఫీ గ్రీకు డీకోడర్ కార్డుతో ఫుట్‌బాల్ చూపించిన కేసులో, ఐరోపా న్యాయస్థానం 2011 అక్టోబర్ 4న తీర్పు ఇచ్చింది. మరో సభ్య దేశపు కార్డును నిషేధించడం సేవల స్వేచ్ఛకు విరుద్ధమంది. మ్యాచ్‌కు రచనలా కాపీరైట్ ఉండదంది. కానీ ప్రారంభ వీడియో, గీతం లాంటివాటికి ఉంటుంది కాబట్టి, పబ్‌లో జనానికి చూపాలంటే అనుమతి కావాలని కూడా అంది. తలుపు తెరిచి గడియ చేతికిచ్చినట్టుంది ఆ తీర్పు. గోడ కట్టడానికి ఒక్కోసారి వేరే కారణమూ ఉంటుంది. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం 2.45 నుంచి 5.15 వరకు ఫుట్‌బాల్ ప్రత్యక్ష ప్రసారం ఉండదు, స్టేడియాలు ఖాళీ కాకూడదని. అది వేరే దేశాల లీగ్‌లకూ వర్తిస్తుంది. అలాంటి కారణం ఉంటే తెర మీద ఆ కారణమే రాయండి. “ఎర్రర్ 403” అని చూపిస్తే ప్రేక్షకుడు రౌటర్ ఆపి, మళ్లీ పెట్టి, యాప్ తీసేసి, మళ్లీ ఎక్కించి అరగంట పోగొట్టుకుంటాడు.

జాతీయ ప్రాముఖ్యం ఉన్న పోటీలను ఉచితంగా చూపాలన్న చట్టాలున్నాయి కదా అంటారు. బ్రిటన్ 1996 ప్రసార చట్టం, భారత్ 2007 క్రీడా ప్రసార సంకేతాల చట్టం అలాంటివే. ఆ జాబితాలు ఆ దేశంలో ఎక్కువమంది మెచ్చే ఆటల చుట్టూ తయారవుతాయి. వలస వచ్చినవాడి ఆట వాటిలో ఉండటం అదృష్టం మీద ఆధారపడిన విషయం.

ఇప్పుడు అసలు చిక్కుముడి: ప్రేక్షకుడు ఏ దేశంలో ఉన్నాడని మీ సర్వర్ ఎలా తేలుస్తుంది? ముఖ్యంగా ఐపీ చిరునామాతో, అంటే ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే నంబరుతో. ఆ చిరునామాల గుత్తులు సంస్థల మధ్య, దేశాల మధ్య అమ్ముడవుతుంటాయి. మీరు కొనే లొకేషన్ డేటాబేస్‌లో పాత యజమాని దేశం నెలల తరబడి అలాగే ఉండిపోవచ్చు. ఇంటర్నెట్ సంస్థలు తమ చిరునామాలు ఎక్కడ వాడుతున్నాయో తామే ప్రకటించుకునే పద్ధతి 2020లో ఆర్ఎఫ్‌సీ 8805 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వచ్చింది. మీ డేటాబేస్ సరఫరాదారు ఆ జాబితాలు చదువుతున్నాడా, ఎన్ని రోజులకోసారి చదువుతున్నాడు అని అడగండి. ఆఫీసు నెట్‌వర్క్ ప్రధాన కార్యాలయం ఉన్న దేశం నుంచి బయటికి వస్తుంది. ప్రయాణికుల ఈసిమ్ చాలాసార్లు సంబంధం లేని మూడో దేశం నుంచి వస్తుంది. స్వదేశపు సిమ్‌తో రోమింగ్‌లో ఉన్నవాడి డేటా సాధారణంగా స్వదేశపు నెట్‌వర్క్ దాకా వెళ్లి అక్కడి చిరునామాతో బయటపడుతుంది. అందుకే అదే ఫోన్‌లో అదే యాప్ రోమింగ్‌లో పనిచేసి, వైఫైకి మారగానే మొరాయిస్తుంది. యాప్ జీపీఎస్ కూడా చూస్తే రెండూ తగవు పడతాయి. ఒకే చిరునామా వెనక వందల ఇళ్లున్న నెట్‌వర్క్‌లో ఒకడు తానున్న దేశాన్ని దాచే వీపీఎన్ నడిపితే మిగిలినవాళ్లందరికీ శిక్ష పడుతుంది. తెర మీద “మిమ్మల్ని ఫలానా దేశంలో ఉన్నట్టు గుర్తించాం, తప్పైతే ఇక్కడ చెప్పండి” అన్న వాక్యం, ఒక బటన్ పెట్టండి. ఆ ఫిర్యాదును మనిషి చూడాలి, మ్యాచ్ అయిపోయేలోగా చూడాలి.

ఖాతాల దగ్గర మరో రకం పోటు. కొత్త దేశంలో దిగినవాడికి మొదటి వారాల్లో అక్కడి బ్యాంకు కార్డు ఉండదు, అక్కడి సేవ అదే అడుగుతుంది. పాత దేశపు సేవకు ఓటీపీ పాత నంబర్‌కే పోతుంది, ఆ సిమ్ రీచార్జి లేక చచ్చిపోయి ఉంటుంది. యాప్ స్టోర్ దేశం మార్చకపోతే కొత్త యాప్ కనిపించదు. మారిస్తే పాత యాప్‌లకు అప్‌డేట్లు ఆగిపోవచ్చు, మిగిలి ఉన్న చందాలు, నిల్వ సొమ్ము మార్పును అడ్డుకోవచ్చు. ఇవన్నీ మీ చేతిలో ఉన్నవే. ఓటీపీ ఈమెయిల్‌కు పంపే వీలు ఇవ్వండి. విదేశీ కార్డు తీసుకోండి, అదీ కుదరకపోతే ముందే కొన్న కోడ్ తీసుకోండి. నెలకో టోర్నీకో చందా అమ్మండి, ఏడాది ఒప్పందం మీద సంతకం పెట్టమనకండి. “ఎక్కడ చూడాలి” అన్న మీ పేజీలో లైసెన్సీ పేరొక్కటే రాస్తారు. ఏ మ్యాచ్, ఏ చానల్, ఏ యాప్, ఏ భాష, విదేశీ కార్డు చెల్లుతుందా అన్న ఐదు గడులు చేర్చితే మీ హెల్ప్‌లైన్‌కు వచ్చే కాల్స్ సగం తగ్గుతాయని మా అంచనా.

భాష విషయానికొస్తే, మాతృభాషలో కామెంటరీ వినాలన్న కోరికను మీరు విలాసంగా చూస్తున్నారు. లెక్క చూడండి. మంచి హెచ్‌డీ చిత్రానికి సెకనుకు 6 మెగాబిట్లు పోతే, కామెంటరీ ట్రాక్‌కు 128 కిలోబిట్లు చాలు, అంటే చిత్రంలో రెండు శాతం. గంటకు 58 మెగాబైట్లు. ఒక దేశంలో లైసెన్సీ ఏ భాషలో ఎలాగూ కామెంటరీ చెప్పిస్తున్నాడో, ఆ ధ్వనిని మాత్రం మిగతా దేశాల లైసెన్సీలకు చిన్న రుసుముతో అదనపు ట్రాక్‌గా ఇచ్చే వీలు టెండరులోనే పెట్టండి. చిత్రం హక్కు ఎవరిది వారికే ఉంటుంది. ఇప్పుడు జనం ఏం చేస్తున్నారో తెలుసా? టీవీ శబ్దం ఆపేసి పక్కన రేడియో స్ట్రీమ్ పెట్టుకుంటున్నారు. వికెట్ పడిన సంగతి బౌలర్ పరుగు మొదలుపెట్టకముందే వినిపిస్తుంది. కొన్ని రేడియో స్ట్రీమ్‌లైతే ఆట మొదలవగానే బయటి దేశాలకు మూగబోతాయి, ధ్వని హక్కునూ దేశాలవారీగా కోసేశారు మరి.

ఆ ఆలస్యం ఎక్కడి నుంచి వస్తుందో మీకు తెలిసిందే, అయినా చెబుతాం. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్నా, సిగ్నల్ వెళ్లి రావడానికి పట్టేది పావు సెకనే. స్ట్రీమింగ్‌లో వీడియోను సాధారణంగా 6 సెకన్ల ముక్కలు చేస్తారు, ప్లేయర్ కనీసం మూడు ముక్కల వెనక నుంచి మొదలుపెడుతుంది. అక్కడే 18 సెకన్లు. ఎన్‌కోడింగ్, సర్వర్ల దూరం కలిస్తే అరనిమిషం దాటుతుంది. దీన్ని తగ్గించే పద్ధతులు 2019 నుంచే ఉన్నాయి. అవి ఖర్చుతో కూడుకున్నవే, ఒప్పుకుంటాం. కానీ పైసా ఖర్చు లేని పని ఒకటుంది. మీ యాప్‌లో మ్యాచ్ చూస్తున్నవాడి ఫోన్‌కు మీ యాప్ నుంచే గోల్ నోటిఫికేషన్ చిత్రం కంటే ముందు రాకుండా ఆపండి.

రాత్రి మూడు గంటలకు జరిగిన ఆటను పొద్దున చూసేవాళ్లది ఇంకో గోడు. హోం స్క్రీన్ మీద కప్పు ఎత్తుకున్న కెప్టెన్ బొమ్మ ఉంటుంది. బొమ్మ తప్పించుకుని లోపలికి వెళ్తే రీప్లే నిడివి కనిపిస్తుంది. ఫుట్‌బాల్ నాకౌట్ మ్యాచ్ రీప్లే 2 గంటలుంటే అదనపు సమయం లేదని, మూడు గంటలకు దగ్గరగా ఉంటే పెనాల్టీలని ఇట్టే తెలిసిపోతుంది. ఐదు సెట్ల టెన్నిస్‌లో మూడో సెట్ మధ్యలో వీడియో కింద కదిలే గీత చివరికొచ్చేస్తే, ఇక చూడ్డానికేముంది? “ఫలితం దాచు” అన్న మీట చాలా యాప్‌లలో ఉంది, అది స్కోరు అంకెనే దాస్తుంది. నిడివి దాచండి, లేదా అన్ని రీప్లేలను ఒకే పొడవు వచ్చేలా చివర ఖాళీ తెర జోడించండి. పది సెకన్లు, పది నిమిషాలు ముందుకు దూకే బటన్లు ఉంటే చాలు, గీత అక్కర్లేదు.

సహాయ పేజీల్లో రాయాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి, అవి మీ దగ్గర లేవు. సెకనుకు 50 ఫ్రేముల ప్రసారాన్ని సెకనుకు 60 సార్లు తెర మార్చేలా, అంటే 60 హెర్ట్జ్‌కు, పెట్టిన టీవీ స్ట్రీమింగ్ స్టిక్‌లో చూస్తే, ప్రతి ఐదు ఫ్రేములకు ఒకటి రెండుసార్లు కనిపిస్తుంది. సెకనుకు పది తడబాట్లు. బంతి వెంట కెమెరా తిరిగినప్పుడల్లా బొమ్మ కుదుపుతుంది, జనం ఇంటర్నెట్‌ను తిడతారు. స్టిక్ సెట్టింగుల్లో ఫ్రేమ్ రేట్ సరిపోల్చే ఆప్షన్ పెడితే పోతుంది. 6 మెగాబిట్ల స్ట్రీమ్ గంటకు 2.7 గిగాబైట్లు తింటుంది. రోజుకు 6 గంటల ఆటతో టెస్ట్ మ్యాచ్ ఐదు రోజులూ సాగితే 81 గిగాబైట్లు, మొబైల్ డేటా మీద ఆధారపడ్డవాడు ముందే తెలుసుకోవాలి. దూరపు డీఎన్ఎస్ సర్వర్ (సైట్ పేరును ఐపీ చిరునామాగా మార్చేది) వాడేవాడికి వీడియో దూరపు సర్వర్ నుంచి వస్తుంది. స్పీడ్ పరీక్ష బాగానే చూపినా చక్రం తిరుగుతూనే ఉంటుంది. డిష్‌తో స్వదేశపు ఉపగ్రహం పట్టుకునేవాళ్లకు: సిగ్నల్ 3 డెసిబెల్ తగ్గిన చోట డిష్ వ్యాసం 1.4 రెట్లు కావాలి, 60 సెంటీమీటర్లది 85 అవుతుంది. ఉపగ్రహ సిగ్నల్ పడే ప్రాంతం, అంటే బీమ్, అంచు దాటితే మాత్రం ఎంత పెద్ద డిష్షూ నిలబెట్టలేదు.

ఇక సమయం. అన్నిటికంటే చవకైనది, అన్నిటికంటే ఎక్కువగా తప్పులు జరిగేది ఇదే. అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం మారతాయి, ఐరోపాలో చివరి ఆదివారం. మధ్యలో రెండు వారాలో మూడు వారాలో రోజూ అలవాటైన తేడా ఒక గంట తప్పుతుంది. శరదృతువులో మరో వారం. భారత్ అరగంట మీద, నేపాల్ ముప్పావుగంట మీద ఉంటాయి, మీ టైమ్ జోన్ ఎంపికలో కొన్నిసార్లు పూర్తి గంటలే ఉంటాయి. “శనివారం అర్ధరాత్రి 12 గంటలకు” అని వేస్తారు, శనివారం మొదలయ్యే అర్ధరాత్రా, ముగిసేదా? ప్రతి మ్యాచ్ పక్కన యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం, తేదీతో సహా 24 గంటల పద్ధతిలో వేయండి. ఒకసారి దించుకునే ఫైల్ కాకుండా, చందాగా చేర్చుకునే క్యాలెండర్ ఇవ్వండి. దించుకున్న ఫైల్ వాన వల్ల మ్యాచ్ రిజర్వ్ రోజుకు మారినా పాత సమయమే చూపిస్తుంది. చందా క్యాలెండర్ దానంతటదే మారుతుంది, కాకపోతే కొన్ని ఫోన్లు కొన్ని గంటలకోసారే తాజా చేసుకుంటాయి కాబట్టి, ఆఖరి నిమిషం మార్పులకు నోటిఫికేషన్ కూడా పంపండి. నోటిఫికేషన్లు పంపడం మీకు బాగా వచ్చిన పనే.

ఈ లేఖకు జవాబుగా హామీలు అక్కర్లేదు. తర్వాతి టెండరు పత్రం బయటికి వచ్చినప్పుడు, 14 రోజుల నిబంధన అందులో ఎన్నో పేజీలో ఉందో చెప్పండి, లేకపోతే ఏ లైసెన్సీ ఏ కారణంతో వద్దన్నాడో చెప్పండి. ఆ కారణం మీద మాట్లాడటానికి మేం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
పరదేశాల్లో ఉంటూ డబ్బు కట్టి ఆట చూడాలనుకునే ప్రేక్షకులు